ఉప్పు వెయ్యని కూర

మైపాడు,
4 జనవరి 2024

చిరంజీవి స్వర్ణకు,

మీ వదిన పిచ్చమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరూ బాగానే ఉన్నారు.

తమ్ముడు మాల్యాద్రికి బీపీ అని, కిడ్నీలు కూడా కొంత దెబ్బతిన్నాయని, ఇక ఉప్పు ముట్టకూడదని నెల్లూరు డాక్టరు చెప్పినట్టు మా వాణి పలక మీద రాసి చూపించింది. ఈ ఇంట్లో నాతో మాట్లాడాలంటే కూతురైనా అల్లుడైనా పలక పట్టుకోవాల్సిందే. చెవులు పోయాక ఫోను నాకు ఇటుక ముక్కతో సమానం. నీకు పదో తరగతి చదువుంది, నాకు ఎనిమిది ఉంది. ఇద్దరం ఉత్తరాలు రాసుకుందాం. నువ్వు మాత్రం చీమల్లాంటి అక్షరాలు రాయకు.

వాడికి నేను అక్కనన్న మాటే గాని పెంచింది నేనే. అమ్మ చేపల గంపతో ఊళ్ళు తిరుగుతుంటే వాడు నా చంకలోనే ఉన్నాడు. ఎండు చేప ముక్క లేనిదే ముద్ద దిగదు వాడికి. చప్పిడి కూడు పెడితే రెండు రోజులు తింటాడు, మూడో రోజు కంచం విసిరికొడతాడు. అందుకని ఒక ఉపాయం చెబుతాను విను.

మీ పాళెం వెనక, ఒకప్పుడు ఉప్పు పండించిన పాత కయ్యల గట్ల మీద ఇలకూర ఉంటుంది. నువ్వు సంగంలో ఏటి ఒడ్డున పుట్టినదానివి, నీకు తెలియదు. మోకాలెత్తు మొక్క. ఆకు సన్నగా, గుండ్రంగా, లోపల నీళ్ళు నింపినట్టు ఉంటుంది. పొద్దున్నే మంచు ఆరకముందు వెళ్ళు. చిగురు మాత్రం గోటితో గిల్లు. వేరుతో పీకావంటే వచ్చే ఏడు నీకే ఉండదు. ఎర్రబడిన కొమ్మ జోలికి పోకు. మూడు నీళ్ళల్లో కడిగితే గాని ఇసక పోదు. కందిపప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరప, కాస్త చింతపండు. అంతే. దానికి ఉప్పు వెయ్యక్కర్లేదు. మా అమ్మ ఏనాడూ చిటికెడు కూడా వెయ్యలేదు.

అమ్మయితే ఆకును ముందు రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, గట్టిగా పిండి అప్పుడు పప్పులో కలిపేది. నువ్వు ఆ పని చెయ్యకు. ఆకుకూరల సత్తువంతా ఉడికించిన నీళ్ళలోనే ఉంటుందని టీవీలో ఒకావిడ చెబుతుంటే కింద అక్షరాలు పడ్డాయి, చదివాను. ఆ నీళ్ళతో చారు పెట్టు. పాపం అమ్మకు తెలియక ఎంత సత్తువ పారబోసిందో.

వాడిని చేపల వేటకు పోనివ్వకు. నా మాటగా చెప్పు.

పిచ్చమ్మ

*

వాకాడు దగ్గర, మన పాళెం నుంచి,
17 జనవరి 2024

పిచ్చమ్మ వదినకు స్వర్ణ నమస్కారాలు.

చీమలు పోయి ఏనుగులు వచ్చాయి చూడు, అక్షరాలు ఇంత లావున రాస్తున్నాను.

ఇంట్లో ఉప్పు డబ్బా, ఊరగాయ జాడీ, ఎండు చేపల మూట అన్నీ పక్కింటి పుష్పకుమారికి ఇచ్చేశాను. ఆయనకు వేరే, నాకు వేరే వండటం నావల్ల కాదు, నేనూ చప్పిడే తింటున్నాను. బళ్ళో మధ్యాహ్నం వంట నాదే కదా, అక్కడ సాంబారులో ఉప్పు చూసి ఉమ్మేసి వస్తున్నాను. పిల్లలు నవ్వుతున్నారు.

ఇలకూరకు మొదటి రోజు వెళ్ళి గంపెడు మొక్క పీక్కొచ్చాను. పుష్పకుమారి చూసి తల కొట్టుకుంది. "ఏందిమే ఇది, మేకలకా? ఇది ఇలకూర కాదు తల్లీ" అంది. మర్నాడు తనే వెంట వచ్చి చూపించింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా వదినా, నాకు ఆ చోటు నచ్చింది. మాటాపలుకూ లేని బయలు. గిల్లుతుంటే చిగురు టప్‌మని విరుగుతుంది. ఒక గంటలో ఒడి నిండింది.

నువ్వు చెప్పినట్టే వండాను, నీళ్ళు పారబొయ్యలేదు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు అనుమానంగా చూశాడు.

"ఏందిమే, డాక్టరు మాట గాలికొదిలేసినావా? ఉప్పేసినట్టుండాదే!"

"డబ్బా యాడుందో చూపించు ముందు. పుష్పకుమారి ఇంట్లో ఉండాది."

నవ్వాడు. ఇరవై రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినపడింది. ఇంకో రెండు గరిటెలు వేయించుకుని, కంచం వేలితో తుడిచాడు. నేనూ తిని చూశాను, నిజంగానే ఉప్పు వేసినట్టే ఉంది. నీ పుణ్యాన ఒక దారి దొరికింది. ఇక వారానికి నాలుగు రోజులు ఇదే.

వాణికి, మీ అల్లుడు శివశంకర్‌కు, వాళ్ళ పాపకు నా దీవెనలు చెప్పు.

నీ మరదలు స్వర్ణ

*

మైపాడు,
10 ఫిబ్రవరి 2024

స్వర్ణకు ఆశీస్సులు.

నీ ఉత్తరం వాణికి, అల్లుడికి, ఎదురింటి వాళ్ళకు కూడా చదివి వినిపించాను. కంచం తుడిచాడంటే నాకు కడుపు నిండింది. ఈ పిచ్చమ్మ చెప్పిన మాట ఎవరన్నా విని చెడ్డారా?

వారానికి నాలుగు రోజులేమిటి, రోజూ పెట్టు. చారు రెండు పూటలా తాగించు. డాక్టర్లు మాత్రలు రాస్తారు గాని నోటికి రుచి ఎక్కడి నుంచి తెచ్చి రాస్తారు? ఎండలు వస్తే చిగురు ముదురుతుంది, అందుకని ఇప్పుడే పెట్టుకోవాలి. మాఘం చలికి ఇక్కడ నా మోకాళ్ళు వంగడం లేదు, లేకపోతే నేనే వచ్చి కోసి పెట్టేదాన్ని.

వాడి కాళ్ళు వాచాయేమో వేలితో నొక్కి చూస్తూ ఉండు.

పిచ్చమ్మ

*

పాళెం,
11 మార్చి 2024

వదినకు,

మొన్న నెల్లూరు వెళ్ళి వచ్చాం. బీపీ తగ్గలేదు, పెరిగింది. రక్తపరీక్ష కూడా పోయినసారి కంటే బాగాలేదు. పాదాలు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు. "ఇంట్లో ఉప్పు ఆపమంటే ఆపినారా అమ్మా, ఆపినట్టు నాకు చెబుతున్నారా?" అన్నాడు. బయట వరసలో కూర్చున్న వాళ్ళందరూ నా మొహమే చూశారు. నేను ఆపానని ఒట్టు వేశాను. ఆయన కూడా "మా ఇంటిది ఉప్పు రాయి కూడా ముట్టదు సారూ" అన్నాడు. డాక్టరు నమ్మలేదు.

ఇంకేం మానాలి చెప్పు వదినా. పాలు మానాము, కాఫీ మానాము. టీ కొట్టు దగ్గరికి కూడా వెళ్ళనివ్వడం లేదు. ఆ ఇలకూర పప్పు, చారు తప్ప ఏది పెట్టినా చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు, అందుకని రోజూ అదే. మంచు పోయి ఎండ ముదిరింది, గట్ల మీద లేత చిగురు తగ్గింది. ఎర్రవి ఏరిపారేసి ఉన్నవే తెస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఏం చెయ్యాలో ఒక మాట రాయి.

స్వర్ణ

*

మైపాడు,
27 మార్చి 2024

స్వర్ణకు,

నీ ఉత్తరం చదివాను. రాయవలసింది మనసులో పెట్టుకునే మనిషిని కాను నేను.

మా అల్లుడు శివశంకర్ పోయిన వారం చెరువులో వదిలే రొయ్య పిల్ల కోసం వాకాడు వచ్చి మీ ఇంట్లో భోంచేశాడు కదా. ఇంటికి రాగానే పలక మీద ఏం రాశాడో తెలుసా? "స్వర్ణత్త వంట అదిరింది. పప్పులో, చారులో ఉప్పూ కారం సరిగ్గా కుదిరినాయి" అని రాశాడు. వాడికి ఏ కల్మషమూ లేదు, మెచ్చుకుంటూనే రాశాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

ఉప్పు లేని వంటలో ఉప్పు ఎలా కుదిరింది? చుట్టం వచ్చాడని వేశావా, లేకపోతే రోజూ వేస్తున్నావా? మొగుడు అడిగాడని జాలిపడి ఒక రవ్వ, ఇంకో రవ్వ వేసి ఉంటావు. ఆడదాని జాలి మగవాడి ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు ఊరికే అంటాడా? నాకు నిజం రాయి. తప్పు ఒప్పుకుంటే నేనేమీ అనను.

పిచ్చమ్మ

*

పాళెం,
9 ఏప్రిల్ 2024

వదినకు స్వర్ణ రాయునది.

ఉగాది పూట ఈ ఉత్తరం రాస్తున్నాను. పచ్చడిలో కూడా ఉప్పు వెయ్యలేదు. ఐదు రుచులతోనే మా పండగ.

శివశంకర్‌కు నేను పెట్టింది ఇలకూర పప్పు, ఇలకూర చారు. నువ్వు చెప్పిన కూర, నువ్వు చెప్పిన పద్ధతి. అందులో నా చేత్తో ఒక్క ఉప్పు రవ్వ పడి ఉంటే నా చెయ్యి పడిపోవాలి. మూడు నెలలుగా నేను కూడా అదే తింటున్నాను. చుట్టానికి ఒకటి, మొగుడికి ఒకటి వండే ఇల్లు కాదు నాది.

జాలి అని రాశావు. మూడు నెలల నుంచి ఆ మనిషి అడిగిన ప్రతిదానికీ లేదు లేదు అని చెబుతున్నది నేను. ఎండు చేప వాసన పక్కింటి నుంచి వస్తే ఆయన లేచి గడపలో కూర్చుంటాడు. చూసి తలుపు వేసేది నేను. ఆ పని నువ్వు ఒక్క రోజు చేసి చూడు.

నమ్మకం లేకపోతే వచ్చి పది రోజులు నా పొయ్యి దగ్గర కూర్చో. పీట వేసి పెడతాను.

స్వర్ణ

*

మైపాడు,
24 ఏప్రిల్ 2024

స్వర్ణకు,

పీట వేస్తావా? చెవిటిదాన్ని, కదల్లేనిదాన్ని కాపలా కుక్కలా నీ పొయ్యి దగ్గర కూర్చోమంటావా? నా తమ్ముడి ఇంటికి నన్ను పిలిచే తీరు ఇదా?

కూర మీదికి నెట్టకు. అమ్మ చేతి ఇలకూర నేను ఇరవై ఏళ్ళు తిన్నాను. నోటికి కమ్మగా, ఉప్పుకూ చప్పదనానికీ మధ్యగా ఉండేది. అల్లుడు పలక మీద రాసి మెచ్చుకునేంత ఉప్పు ఆ ఆకులో లేదు. నీ చేతిలో ఉంది. ఇంతకంటే నాకు చెప్పడానికి లేదు. వాడికి ఏమన్నా అయితే నీ మొహం నేను చూడను.

పిచ్చమ్మ

*

పాళెం,
8 జూలై 2024

వదినకు,

ఆయన పోయి నేటికి యాభై రోజులు. నా మొహం చూడనన్నావు గాని పదకొండో రోజు వచ్చి బాగానే చూశావు.

నీకు వినపడదు కాబట్టి నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. "ఉప్పు పెట్టి చంపినావు కదమే నా తమ్ముడిని! రుచి మప్పి చంపినావే!" అని పందిట్లో నువ్వు అరిచావు. పెద్దమనిషి గంగులయ్య చేతిలో విస్తరి అలాగే ఆగిపోయింది. పుష్పకుమారి నీ నోరు మూయబోతే ఆమెను తోసేశావు. నేను ఒక్క మాట అనలేదు.

బడి తెరిచిన వారానికి ఇద్దరు తల్లులు వచ్చి, "ఆ చేత్తో వండింది మా బిడ్డలకొద్దు" అన్నారట. ఇక వంటకు రావద్దని పంతులు గారు నాతో చెప్పలేక చెప్పలేక చెప్పారు. పదకొండేళ్ళు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు నేను రేవుకు పోయినా ఆడవాళ్ళు మాట ఆపేస్తున్నారు. మంచినీళ్ళు ఇస్తే ఇప్పుడే తాగానంటున్నారు. మొగుడిని చంపుకున్నదాని చేతి నీళ్ళు ఎవరు తాగుతారు?

అందుకే ఈ సంగతి రాస్తున్నాను. రాయకూడదనే ఇన్నాళ్ళూ ఉన్నాను.

ఆయన్ను ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజు డాక్టరు నన్ను మంచం దగ్గరే నిలబెట్టి, ఆయన ఏమేం తిన్నాడో ఒక్కొక్కటిగా చెప్పమన్నాడు. చెప్పాను. ఇలకూర అనగానే రాయడం ఆపాడు. "ఉప్పు నేలలో పెరిగే మొక్క ఉప్పే తాగి పెరుగుతుంది కదమ్మా. ఎండ ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ. ఉడికించిన నీళ్ళు పారబోసేదానివేనా?" అన్నాడు. "లేదు సార్, చారు పెట్టేదాన్ని" అన్నాను. డాక్టరు నా మొహం చూసి, "అదొక్కటే కాదులేమ్మా, కిడ్నీలు ముందే పాడై ఉండాయి" అన్నాడు.

ఉప్పంటే డబ్బాలో ఉండేదే అనుకున్నాం వదినా, నువ్వూ నేనూ. నాలుక మీద పెట్టుకుని కూడా తెలుసుకోలేకపోయాం. మీ అమ్మ ఎందుకు పారబోసిందో ఇప్పుడు అర్థమైంది. నువ్వు తెలియక చెప్పావు, నేను తెలియక వండాను. నా చేతులతో కోసి, కడిగి, వండి, ఇంకాస్త వేసుకో అని బతిమాలి పెట్టాను. ఆ బాధ నాకు చచ్చేదాకా ఉంటుంది, దానికి నిన్ను అడగను.

అడిగేది ఒక్కటే. ఒక్కసారి రా. గంగులయ్యను, ఆ తల్లులను పిలుస్తాను. "స్వర్ణ ఉప్పు వెయ్యలేదు, నేను చెప్పిన కూరే వండింది" అని చెప్పు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చెప్పు. మైపాడు నుంచి రాను పోను ఆటో నేను మాట్లాడతాను.

స్వర్ణ

*

మైపాడు,
25 జూలై 2024

స్వర్ణకు,

ఉత్తరం అందింది. వాణి చూడకముందే తీసి కొంగున కట్టుకున్నాను. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. జ్వరమని చెప్పాను.

డాక్టరే అదొక్కటే కాదన్నాడని నువ్వే రాశావు. మరి ఆకు మీద అంతా మోపడం ఎందుకు? వాడి ఆయుష్షు అంతే అనుకోవాలి. అమ్మ, నాన్న, ఇరుగుపొరుగు అందరం తిన్నాం ఆ కూర, ఎవరం పోలేదు. నువ్వు మరీ రోజూ పెట్టి ఉంటావు. నేను రోజూ పెట్టమన్నానేమో, నాకు సరిగ్గా గుర్తులేదు.

రావడమంటే మాటలు కాదు. నా సంగతి నీకు తెలియదు. అల్లుడి ఇంట్లో ఒక మూల పడి ఉన్నదాన్ని. ఇప్పుడైతే ఏదో పెద్దదిక్కు అని పసుపు నూరడానికో, పాపకు దగ్గు మందు కలపడానికో పిలుస్తున్నారు. సొంత తమ్ముడికే తప్పుడు వైద్యం చెప్పిందని తెలిస్తే, రేపు నేను పాపకు పాలు కలిపినా వాణి గ్లాసు వాసన చూస్తుంది. ఈ వయసులో నాకు ఇంకో ఇల్లు లేదు. నీకు ముందూ వెనకా ఎవరూ లేరు, పిల్లలు లేరు. ఒక మాట పడినా నీకు పోయేదేముంది? జనం ఆరు నెలలు అనుకుంటారు, తర్వాత వాళ్ళే మరిచిపోతారు.

అయినా ఒకటి అడుగుతాను. ఆసుపత్రిలోనే అంతా తెలిసినదానివి పదకొండో రోజు ఎందుకు నోరు విప్పలేదు? నాకు చెవులు లేవు, మిగతా వాళ్ళకు ఉన్నాయి కదా. నిజమే అయితే అప్పుడే చెప్పేదానివి. బళ్ళో పని పోయాక అల్లుకున్నావేమో అని కూడా అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నన్ను తప్పు పట్టకు.

నా మనసులో నిన్ను ఎప్పుడో క్షమించాను. నేను జనవరిలో రాసిన ఉత్తరం ఉంటే పొయ్యిలో పెట్టు. ఆరోగ్యం జాగ్రత్త.

పిచ్చమ్మ

*

పాళెం,
6 ఆగస్టు 2024

పిచ్చమ్మ గారికి,

మీ జనవరి ఉత్తరం దీనితో పంపుతున్నాను. పొయ్యి మీ ఇంట్లోనూ ఉంది. దాన్ని నేను ఎవరికీ చూపించలేదు, ఇక చూపించను.

పదకొండో రోజు ఎందుకు నోరు విప్పలేదని అడిగారు. అడగకపోతే రాసేదాన్ని కాదు.

డాక్టరు ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన మంచం మీద మేలుకునే ఉన్నాడు. అన్నీ విన్నాడు. డాక్టరు వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నాడు. ఊపిరి అందక ఒక్కో మాటకు ఆగుతున్నాడు. నన్ను తిడతాడేమో అనుకున్నాను. మీ గురించి మాట్లాడాడు.

"అక్కకు చెప్పబాకమే. చెవుల్లేని మనిషి. పదిమందిలో కూర్చున్నా ఒంటిదే. ఈ సంగతి తెలిసిందంటే ఇంక దానికి అదొక్కటే వినపడతా ఉంటాది. ఎవురన్నా అడిగితే, నేనే దొంగతనంగా ఎండు చేప తిన్నానని చెప్పు."

చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. తెల్లారి ఆయన పోయాడు.

తప్పు తన మీదికి నెట్టమన్నాడు గాని, అది నావల్ల కాలేదు. అందుకని పందిట్లో మీరు అరుస్తుంటే తల వంచుకుని ఆ మాటలన్నీ నా మీదే వేసుకున్నాను. యాభై రోజులు మోశాను. నా చేతి నీళ్ళు తాగనప్పుడు కూడా నోరు మెదపలేదు. బళ్ళో పొయ్యి పోయాక ఓర్చుకోలేకపోయాను. మీకు తెలిస్తే చాలు, మీ అంతట మీరే పరిగెత్తుకొస్తారని అనుకున్నాను.

ఆయన నన్ను కోరింది అదొక్కటే. మీరు వస్తారని నమ్మి దాన్ని కూడా పోగొట్టుకున్నాను.

స్వర్ణ